ఒక బోధకుడి దినచర్య, మిగిలిన కాగితాలు

దినచర్యను సాహిత్యమనవచ్చునా అన్న ప్రశ్నకు మన విమర్శకులు సూటిగా జవాబు చెప్పిన సందర్భాలు తక్కువ. మనకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర ఉన్నది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆ పెద్దమనిషి 1830 మే మొదలు 1831 సెప్టెంబరు దాకా దారిలో చూసినదల్లా రాసి పంపగా, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారు 1838లో అచ్చువేయించారు. కాని అది యాత్ర. మజిలీ మజిలీకి కొత్త ఊరు, కొత్త మనుషులు. కనుక చదివించుకొనిపోతుంది. ఉన్న ఊరిలోనే ఉండి రాసుకొన్న మనిషి దినచర్య అలా చదివిస్తుందా? ఇవాళ వాన, రేపు విత్తనం, ఎల్లుండి పొరుగింట చావు, ఆదివారం ప్రసంగం. మళ్లీ సోమవారం. ఇదే వరస ఏళ్లకు ఏళ్లు. అలాంటి దినచర్య ఒకటి నా చేతికి వచ్చింది. మొదటి యాభై పుటలు చదివేసరికి నాకు విసుగు పుట్టిన మాట నిజం. ముగించేసరికి ఆ విసుగు పోయింది. ఎందుకు పోయిందో, పోయాక ఏం మిగిలిందో చదువరులకు విన్నవించుకోవడానికే ఈ వ్యాసం.

పుస్తకం పేరును మన మాటల్లో చెప్పుకొంటే ‘రష్యాలో ఒక మెన్నొనైట్: జేకబ్ డి. ఎప్ దినచర్యలు, 1851-1880’ అవుతుంది. మూలం జర్మన్. టొరాంటో విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన హార్వీ ఎల్. డిక్ దీన్ని ఇంగ్లీషులోకి సంక్షిప్తంగా అనువదించి, సుదీర్ఘమైన ఉపోద్ఘాతం చేర్చారు. 1991లో ఆ విశ్వవిద్యాలయ ముద్రణ సంస్థే దాన్ని ప్రకటించింది. రాసిన మనిషి రాజు కాడు, కవి కాడు. ఒక చిన్న మతశాఖకు చెందిన పల్లెటూరి బోధకుడు. ఆ శాఖ సొంత దేశమంటూ లేని శాఖ, ఇంట్లో ఒక భాష, గుడిలో ఒక భాష, కచేరీలో ఒక భాష మాట్లాడుకొన్న శాఖ. మన పత్రిక చదువరులకు ఈ చివరి మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మెన్నొనైట్లెవరో కొంచెం చెప్పుకోవాలి. ఐరోపాలో క్రైస్తవ మతసంస్కరణ జరుగుతున్న రోజుల్లో, 1525లో, జ్యూరిక్ నగరంలో కొందరు పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదన్నారు. తెలిసి నమ్మినవాడే బాప్తిస్మం పొందాలన్నారు. కత్తి పట్టరాదు, ఒట్టు పెట్టరాదు అన్నవి కూడా ఈ తోవవారి నియమాలైనాయి. ఏ రాజుకూ ఇవి రుచించే మాటలు కావు. కొందరిని కాల్చారు, కొందరిని నీట ముంచారు. 1536లో మెన్నో సైమన్స్ అనే డచ్చి గురువు కతోలిక గురుత్వం వదిలిపెట్టి వీళ్లలో చేరి, చెదిరినవాళ్లను కూడగట్టాడు. ఆయన పేరే వీళ్లకు స్థిరపడింది. డచ్చి సీమ నుంచి చాలామంది విస్టులా నది డెల్టాకు చేరి, బురదనేలలు ఎండగట్టి సాగులోకి తెచ్చారు. అక్కడ రెండు శతాబ్దాలు గడిచాక, రష్యా రాణి కేథరిన్ పిలుపు మీద మళ్లీ మూటాముల్లె సర్దుకొని, 1789లో నీపర్ నది ఒడ్డున ఖోర్తిత్సలో ఊళ్లు కట్టుకొన్నారు. 1804లో మొలోచ్న నది ఒడ్డున మరో పెద్ద వలస ఏర్పడింది. ఇవన్నీ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నాయి. సొంత బడి, సొంత ఊరిపాలన, పటాలంలో చేరే బాధ్యత నుంచి మినహాయింపు. వీటిని ఖాయం చేస్తూ 1800లో పాల్ చక్రవర్తి శాసనం రాసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని వీళ్లు ప్రాణప్రదంగా దాచుకొన్నారు. కాగితం మీద నమ్మకం ఈ జాతికి అట్లా అలవాటైంది.

జేకబ్ ఎప్ 1820లో పుట్టి 1890లో గతించారు. బడిపంతులు, రైతు, ఊరి లేఖకుడు, అంటే ఇంచుమించు మన కరణం చేసే పని. వీటన్నిటి మీదా సంఘానికి బోధకుడు. బోధకుడనే మాటను నేను తెలుగు క్రైస్తవుల వాడుకను బట్టి వాడటంలేదు. ఆ రోజుల్లో మెన్నొనైట్లు తమ ప్రసంగీకుణ్ణి ‘లేరర్’ అని పిలిచేవారు. అంటే బోధించేవాడనే అర్థం. పంతులుకూ అదే మాట.

ఈ బోధకత్వం ఎలాంటిదో తెలియకుండా దినచర్య అర్థం కాదు. సంఘంలోని పురుషులు కూడి తమలో ఒకరిని ఓట్లతో ఎన్నుకొంటారు. దానికి ప్రత్యేకమైన చదువు లేదు, జీతం లేదు. ఎన్నికైనవాడు దాన్ని దేవుని పిలుపుగా ఎంచి ఒప్పుకోవలసిందే. ప్రాణమున్నంతకాలం మోయవలసిందే. నాగలి పట్టిన చేతితోనే ప్రసంగం రాసుకోవాలి. ప్రసంగాన్ని ఆశువుగా చెప్పే ఆచారం లేదు, రాసుకొని చదవాలి. తండ్రి రాసినవి కొడుకు చదవడం, ఒకరివి మరొకరు నకలు చేసుకోవడం మామూలు. పెళ్లిళ్లు, చావులు, రోగుల పరామర్శ సరే. వాటికంటె బరువైన పని మరొకటున్నది. సంఘంలో తాగినవాణ్ణి, కొట్టుకొన్నవాణ్ణి, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి పిలిచి మందలించాలి. లొంగనివాణ్ణి సంఘం నుంచి వెలివేసేటప్పుడు ముందు నిలబడాలి. ఆ వెలివడ్డవాడు మర్నాడు పక్క చేలోనే దున్నుతూ కనిపిస్తాడు. బహుశా చుట్టం కూడా అవుతాడు.

ఈ దినచర్యకు ప్రాణం ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. ఊరికి నీతి చెప్పవలసిన మనిషికి తన దిగులు చెప్పుకొనే చోటు ఊళ్లో ఉండదు. ప్రసంగ వేదిక ఆయన సొంతం కాదు. అక్కడ పూర్వుల మాటలే చదవాలి. సంఘ సమావేశంలో ఆయన న్యాయం చెప్పే పెద్ద. ఇంట్లో యజమాని. ఇక మిగిలింది నోటుబుక్కు. కుటుంబంలో జబ్బులు, పిల్లల చావులు, పంట నష్టాలు, తోటి పెద్దలతో తగాదాలు, తన ఓర్పు చాలలేదన్న సంతాపం, ఇవి అక్కడ చేరాయి. ప్రసంగం మీద కూడా ఒక బోధకుడికి అనుమానాలుంటాయనీ, అందరికీ ఓదార్పు చెప్పి ఇంటికి వచ్చినవాడికి ఓదార్పు దొరకని రాత్రులుంటాయనీ ఈ పుటల్లో తెలుస్తుంది. అంతమాత్రాన ఆయన దినచర్యలో పూర్తిగా మనసు విప్పారనుకోరాదు. తన తరువాత బిడ్డలు చదువుతారని తెలిసి రాసే మనిషి ఎంతో కొంత దాస్తాడు. విమర్శకుడు చూడవలసింది ఆ దాచిన చోట్లనే.

అలాంటి చోటును పట్టుకోవడానికి భాష ఒక దారి చూపిస్తుంది. ఎప్ పుట్టిపెరిగిన వాతావరణంలో ఇంటి భాష ప్లౌట్‌డీచ్. విస్టులా ప్రాంతపు లోతట్టు జర్మన్ మాండలికం అది. పొలంలో, వంటింట్లో, పెళ్లాంబిడ్డలతో మాట్లాడేది అందులోనే. బైబిలు, కీర్తనలు, ప్రసంగం, బడి, ఉత్తరాలు మాత్రం శిష్ట జర్మన్‌లో. అంతకు పూర్వం వీళ్ల గుడి భాష డచ్చి. 18వ శతాబ్ది రెండవ సగంలో అది క్రమంగా పోయి ఆ స్థానంలో జర్మన్ వచ్చింది. కచేరీలో రష్యన్. కూలీలతో ఉక్రేనియన్. ఇన్నిటి మధ్య దినచర్యకు ఎప్ ఎంచుకొన్నది, ఎంచుకోవడమేమిటి, రాయడానికి ఆయనకు తెలిసిన ఏకైక రీతి, గుడి భాష. బిడ్డ చనిపోయిన రాత్రి ఆ తల్లిదండ్రులు ఒకరితో ఒకరు అనుకొన్న మాటలు ప్లౌట్‌డీచ్‌లో ఉండి ఉంటాయి. కాగితం మీదకు వచ్చేసరికి అవి బైబిలు నుడికారంగా మారుతాయి. దేవుని చిత్తం, పరలోకపు గూడు, తిరిగి కలుసుకొంటామన్న ఆశ. ఇవి పడికట్టు మాటలని తోసెయ్యడం సులభం. నేను కూడా మొదట అలాగే చేశాను. కాని మనిషికి దుఃఖంలో సొంతమాట దొరకనప్పుడు పెద్దలిచ్చిన మాటను పట్టుకొంటాడు. ఆ మాట ఎక్కడ గట్టిగా నిలబడిందో, ఎక్కడ బీటలు వారిందో చూడటమే చదవడం. ఇంగ్లీషు అనువాదంలో రెండు జర్మన్‌ల తేడా కనిపించే అవకాశం లేదు. అనువాదకుణ్ణి తప్పు పట్టలేము గాని, చదువరి దీన్ని మనసులో ఉంచుకోవాలి. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో చూసే తెలుగు వేరొకటి, బజారులో తమిళమో కన్నడమో ఒడియానో అయిన మనవంటివారికి ఈ ఇబ్బంది అనుభవంలోదే.

ఇక ఎప్ జీవితంలో విశేషమైన భాగం ‘యూదెన్‌ప్లాన్’ అనే చోట గడిచింది. యూదులను సేద్యంలోకి దింపాలని రష్యా ప్రభుత్వం 19వ శతాబ్ది మొదటి నుంచీ దక్షిణ ప్రాంతాల్లో పల్లెలు కట్టిస్తూ వచ్చింది. నికొలాస్ చక్రవర్తి కాలంలో, 1840ల చివర, లిత్వేనియా, బెలోరష్యా పట్టణాల్లో కిక్కిరిసి బతుకుతున్న యూదు కుటుంబాలను తెచ్చి స్టెప్పీ మైదానంలో కొత్త ఊళ్లలో దింపారు. నోవో-విటెబ్‌స్క్, నోవో-కోవ్నో అన్న ఆ ఊళ్ల పేర్లలోనే వాళ్లు విడిచి వచ్చిన పట్టణాల పేర్లున్నాయి. నేల దున్నడం తెలియని వాళ్లకు నేర్పడానికి, ఊరికి కొన్ని చొప్పున మెన్నొనైట్ కుటుంబాలను ‘మాదిరి రైతులు’గా పంపారు. ఎప్ కూడా అలా వెళ్లినవారే. అక్కడే సేద్యం చేశారు, చెదిరి ఉన్న మెన్నొనైట్ కుటుంబాలకు బోధకుడుగా ఉన్నారు. ఈ పుస్తకం పేరు నిలబడటానికి ముఖ్యకారణం ఈ భాగమే. ఆ యూదు పల్లెల దైనందిన జీవితాన్ని పక్కింటి నుంచి, ఏళ్ల తరబడి చూసి రాసిన కాగితాలు చాలా అరుదు.

అయితే పక్కింటి కిటికీ కూడా ఒక కిటికీయే. అందులోంచి అంతా కనిపించదు. ప్రభుత్వం ఒకరిని మాదిరి అన్నది, మరొకరిని నేర్చుకోవలసినవాళ్లన్నది. ఈ ఏర్పాటులోనే చూపు వంకర ఉన్నది. మెన్నొనైట్ల వెనుక తరతరాల సేద్యం ఉన్నది, చేతిలో పెట్టుబడి ఉన్నది, సంఘం ఆసరా ఉన్నది. వచ్చిన యూదులకు ఇవేవీ లేవు. పంట పోయినప్పుడు ఒకరిది దురదృష్టం, మరొకరిది అసమర్థత అవుతుంది. ఎప్ పొరుగువారిని మనుషులుగానే చూశారు. వాళ్ల ఇళ్లకు వెళ్లారు, బేరాలు చేశారు, కష్టంసుఖం విచారించారు. పైగా యిడ్డిష్, ప్లౌట్‌డీచ్ రెండూ జర్మన్ కుదురు భాషలే. అయినా ఆయన కూర్చున్నది మాదిరి రైతు పీటమీద. ఆ పీట మీదనుంచి కనిపించినదే రాశారు. అదే ఊరిలో ఉన్న ఒక యూదు గృహస్థు ఆ సంవత్సరాలకే దినచర్య రాసుకొని ఉంటే, ఈ మాదిరి రైతు అందులో ఎలా కనిపించేవాడో? కూలికి వచ్చిన ఉక్రెయిన్ రైతుకూలీ కాగితం పట్టి ఉంటే ఏం రాసేవాడో? చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

ఇవాళ ఈ పుటలు చదివేవారికి మరొక బరువు కూడా ఉన్నది. 1941లో జర్మన్ సైన్యం ఉక్రెయిన్‌లోకి వచ్చింది. అక్కడి యూదు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. మెన్నొనైట్లను జర్మన్ జాతివారుగా లెక్కగట్టి ఆ సైన్యం చేరదీసింది. స్టాలిన్ కాలంలో తమ పెద్దలను పోగొట్టుకొన్న ఆ ప్రజలు వచ్చినవాళ్లను విమోచకులనుకొన్నారు. వాళ్లలో కొందరు ఆ హత్యలలో పాలుపంచుకొన్నారని గత రెండు దశాబ్దాలలో చరిత్రకారులు, వారిలో మెన్నొనైట్ కుటుంబాలవారు కూడా, ఆధారాలతో రాశారు. కత్తి పట్టరాదన్న సంఘానికి ఇది మింగుడుపడని నిజం. 1880లో కలం ఆపిన ఎప్‌ను 1941కి జవాబుదారీ చేయడం అన్యాయం. కాని పక్కపక్క ఇళ్లలో బతికిన ఈ రెండు జాతుల కథ ఎక్కడికి పోయిందో తెలిసినవాళ్లం గనుక, ఆయన పొరుగింటి ముచ్చట రాసినప్పుడు మనకు గుండె కలుక్కుమంటుంది. 1991లో పుస్తకం అచ్చయినప్పటికంటె ఇప్పుడు ఆ భాగాలు బరువెక్కాయి. మంచి కాగితం లక్షణం ఇదే. రాసినవాడికి తెలియని ప్రశ్నలకు కూడా అది తలుపు తెరిచి ఉంచుతుంది.

సంపాదకుని పని గురించి. డిక్ ఉపోద్ఘాతం లేకపోతే మనవంటివారు ఈ పుస్తకంలో అడుగు పెట్టలేరు. భూమి లెక్కలు, సంఘం నిర్మాణం, ప్రభుత్వ శాఖల పేర్లు, అన్నీ ఓపికగా చెప్పారు. భూమి సంగతే చూడండి. రష్యాలో మెన్నొనైట్ కమతం 65 దెస్యతినలు, అంటే ఇంచుమించు 175 ఎకరాలు. దాన్ని ముక్కలు చేయరాదన్నది చట్టం. ఇంట్లో ఒక్కరికే కమతం దక్కుతుంది. మిగిలినవాళ్లు భూమిలేనివాళ్లవుతారు. 1860ల నాటికి మొలోచ్నలో మూడింట రెండు వంతుల కుటుంబాలకు కమతం లేదు. భూమి ఉన్నవారికే ఊరిపాలనలో ఓటు. శాంతిమార్గం చెప్పే సంఘం రెండుగా చీలి కచేరీల కెక్కింది. దినచర్యలో అక్కడక్కడ వినిపించే కసురుమాటలకు ఈ నేపథ్యం లేకుండా అర్థం లేదు.

నా అభ్యంతరం ఒక్కటే. ఇది సంక్షిప్తం. పునరుక్తిని తగ్గించాలంటే వాతావరణం, రాకపోకలు, మామూలు పనుల పద్దులు కత్తిరించక తప్పదని ఏ సంపాదకుడైనా అంటాడు. పుస్తకం చేతిలో పట్టేంత ఉండాలి, కొనేవాడుండాలి. కాని దినచర్యలో పునరుక్తి దోషం కాదు. మన కావ్యశాస్త్రం చెప్పే దోషాలు ఇక్కడ వర్తించవు. వాన లేదు, వాన లేదు, వాన లేదు అని నెలరోజులు రాసినవాడు ముప్పయ్యొకటో రోజు వాన వచ్చిందని రాస్తే, ఆ ఒక్క మాటకు బలం ముందరి ముప్పయి రోజుల్లో ఉన్నది. వాటిని కత్తిరించి ఆ ఒక్కరోజు చూపిస్తే అది వార్త మాత్రమే అవుతుంది. నేను మొదట్లో విసుక్కొన్న పుటలే చివరికి నాకు విలువైనవిగా తోచడానికి కారణం ఇదే. ఇంకా ఎక్కువ విసిగించే పుస్తకమైతే ఇంకా ఎక్కువ నిజంగా ఉండేది.

1874 జనవరిలో రష్యా అందరికీ సైనికసేవ తప్పనిసరి చేసింది. పాల్ చక్రవర్తి ఇచ్చిన కాగితం విలువ ఒక్క రోజులో తేలిపోయింది. అప్పటి నుంచి 1880ల దాకా సుమారు 17,000 మందికి పైగా, అంటే మొత్తం మీద మూడవ వంతు, అమెరికాలోని కాన్సస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, డకోటా సీమలకూ కెనడాలోని మానిటోబాకూ వలసపోయారు. మిగిలినవారికి పటాలానికి బదులు అడవుల్లో చెట్లు పెంచే పని ఒప్పందమైంది. ఎప్ వెళ్లలేదు. ఈ దినచర్య చివరి సంవత్సరాలు వెళ్లినవాళ్ల కాలమే, ఉండిపోయినవాళ్ల కాలమే. వలస సాహిత్యమంటే మనం ఎప్పుడూ వెళ్లినవాళ్ల కథే అనుకొంటాం. ఉండిపోయిన బోధకుడికి సంఘంలో ఖాళీ అయిన బల్లలు కనిపిస్తాయి. ఆ దృష్టి సాహిత్యంలో తక్కువ.

ఆ తరువాత ఉండిపోయినవాళ్ల కాగితాలకు పట్టిన గతి వేరే కథ. విప్లవకాలంలో పీటర్ బ్రౌన్ అనే ఉపాధ్యాయుడు మొలోచ్న ప్రాంతపు పాత దస్తావేజులన్నీ ఒకచోట చేర్చాడు. 1929లో ప్రభుత్వం వాటిని పట్టుకొనిపోయింది. అవి కాలిపోయాయనో, కుళ్లిపోయాయనో అందరూ ఆశ వదులుకొన్నారు. 1990లో అవి ఒడెస్సా ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో బయటపడ్డాయి. సుమారు 1,40,000 పుటలు. వాటిని వెలుగులోకి తెచ్చి మైక్రోఫిల్ము తీయించినవారిలో ఇదే హార్వీ డిక్ ఒకరు. అరవై ఏళ్లు ఎవరూ అడగనందువల్లనే అవి బతికాయేమో అనిపిస్తుంది. ఆ పుటల్లో ఉత్తరువులున్నాయి, జమాబందీలున్నాయి, అర్జీలున్నాయి. సంస్థ తన్ను గురించి తాను రాసుకొన్నది అది. ఒక బోధకుడు రాత్రి దీపం దగ్గర రాసుకొన్నది ఇది. భూమి ఎవరికి ఎంత అన్నది ఆ కట్టల్లో దొరుకుతుంది. భూమి దక్కనివాడు గుడిలో పక్కన కూర్చున్నప్పుడు ప్రసంగం చదవడం ఎంత కష్టమో ఈ నోటుబుక్కులో దొరుకుతుంది. రెండూ ఉంటేగాని చరిత్ర కాదు.

ఈ జాతికీ తెలుగువారికీ నేరుగా ఒక సంబంధం ఉన్నది. 1860 జనవరిలో మొలోచ్నలో కొందరు పాత సంఘం చల్లబడిందని విడిపోయి ‘మెన్నొనైట్ బ్రదరన్’ అనే కొత్త సంఘం పెట్టుకొన్నారు. ఎప్ వంటి పాత సంఘపు బోధకులకు ఈ చీలిక సొంత ఇంటి చీలిక. ఆ కొత్త సంఘానికి చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు, జర్మనీలోని హాంబర్గులో బాప్టిస్టుల దగ్గర చదువుకొని, అమెరికన్ బాప్టిస్టు మిషను ఆధ్వర్యంలో 1889లో మన దేశానికి వచ్చారు. 1890లో నిజాం రాజ్యంలోని నల్లగొండలో మిషను ప్రారంభించారు. ఎప్ చనిపోయిన సంవత్సరం కూడా 1890. నీపర్ ఒడ్డున గోధుమలు అమ్మిన డబ్బు చందాలుగా నల్లగొండకు వచ్చేది. 1914 యుద్ధం, 1917 విప్లవం ఆ తోవ మూసేశాయి. 1899 నుంచి అమెరికాలోని మెన్నొనైట్ బ్రదరన్ వారు కూడా హైదరాబాదు, నాగర్‌కర్నూలు, మహబూబునగరం ప్రాంతాల్లో పనిచేశారు.

వాళ్ల కాగితాలు భద్రంగా ఉన్నాయి. మిషనరీల నివేదికలు, ఇంటికి రాసిన ఉత్తరాలు, జమాఖర్చులు అమెరికాలో, కెనడాలో ఆ సంఘంవారి దస్తావేజుల కేంద్రాల్లో పెట్టెల్లో, అంకెలు వేసి ఉన్నాయి. వాటి ఆధారంతో పీటర్ పెన్నర్ 1997లో ఒక పుస్తకం రాశారు. దాని పేరులో రష్యన్లు, ఉత్తర అమెరికన్లు, తెలుగువారు అని ముగ్గురినీ చేర్చారు. అంతకు ముందే, 1988లో, మహబూబునగరం మెన్నొనైట్ల మీద పాల్ వీబె రాసిన పుస్తకాన్ని మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ప్రకటించింది. సంతోషమే. కాని ఊరూరా నడిచి సువార్త చెప్పిన తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు, చిన్న బళ్లలో అక్షరాలు దిద్దించిన మాల మాదిగ పంతుళ్లు, వాళ్లు కూడా రాసుకొని ఉండరా? ఉత్తరాలుండవా, ప్రసంగాల నోటుబుక్కులుండవా, చనిపోయిన బిడ్డల పేర్లు బైబిలు అట్ట లోపల రాసుకొని ఉండరా? దొరవారి నివేదికలో వాళ్లు ఒక పేరు, చాలాచోట్ల ఒక అంకె. యూదెన్‌ప్లాన్ చదువుతూ నేను వేసుకొన్న ప్రశ్నే ఇక్కడ ఎదురైంది. పక్కింటివాడి దినచర్య ఎక్కడ? అక్కడ అది యూదు గృహస్థుది. ఇక్కడ అది మనవాళ్లది.

ఇంతకూ ఈ పరదేశి బోధకుణ్ణి మన పత్రికలోకి ఎందుకు తెచ్చానో చెప్పి ముగిస్తాను. మా తాతగారు ఆంధ్రదేశం ఎరగని మనిషి. నాలుగు తరాల కిందట వచ్చి స్థిరపడిన ఊళ్లోనే పుట్టి అక్కడే పోయారు. ఆయన చేతిరాత గొలుసుకట్టు. పొలం లెక్కలు, వానలు, పెళ్లిళ్ల కట్నకానుకలు, ఎవరికెంత బాకీ, అన్నీ పొడుగాటి పుస్తకాల్లో రాసేవారట. నేను చూసింది రెండే. తక్కినవి ఒక వేసవిలో ఇల్లు సున్నం కొట్టించినప్పుడు తూకానికి పోయాయి. అమ్మినవాళ్లు దుర్మార్గులు కారు. మా ఇంట్లోవాళ్లే. ఆ రాత చదవగలిగినవారు ఇంట్లో ఎవరూ లేకపోవడమే అసలు కారణం. తెలుగు మాట్లాడతారు, తెలుగులోనే తిట్టుకొంటారు, తెలుగులోనే ఏడుస్తారు. లిపి రాదు. చదవలేని కాగితం చెత్తకాగితమవడానికి ఎంతోసేపు పట్టదు. కెనడాలోని మెన్నొనైట్ మనవలకూ తాతల పాత జర్మన్ లిపి అర్థం కాదు. కాని వాళ్లు చదవగలిగినవారిని వెతికారు, కూర్చోబెట్టి మామూలు అక్షరాల్లోకి ఎత్తించారు. తేడా ఆ ఒక్క పనిలో ఉన్నది.

మన మధ్య ఇంకా గొలుసుకట్టు చదవగల పెద్దలు కొందరున్నారు. ఎన్నాళ్లుంటారో చెప్పలేము. మీ అటకమీద పాత లెక్కల పుస్తకం ఉంటే, అందులో గొప్ప సంగతులేవీ లేవనిపించినా సరే, ఒక పూట వారి ముందు పెట్టి చదివించి రాసుకోండి. వాన పడిందో లేదో రాసి ఉన్నా చాలు. మా తాతగారి మిగిలిన రెండు పుస్తకాల్లో ఒకదాన్ని ఈ వ్యాసం మొదలుపెట్టక ముందే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకొనివెళ్లాను. మొదటి పుటలో ఉన్నది విత్తనాల వేరుశనగ లెక్క. రెండో పుట వచ్చే ఆదివారం చదువుతామన్నారు.